పదిహేడో కిలోమీటరు దగ్గర

మా తాత ఫిర్మీనుది చూపుల ఉద్యోగం.
కొండకొమ్మున రాతిగది, గోడకు జానెడు చీలిక,
చీలికలో దుర్భిణి, దుర్భిణికి అవతల అట్లాంటిక్.
తిమింగిలం ఊపిరి వదిలితే
నీటి మీద లేచే ఆవిరి పొదను
అందరికంటే ముందు ఆయన చూడాలి.
చూస్తే ఒక తారాజువ్వ. రేవులో పడవలు కదిలేవి.
చూడకపోతే ఆ రోజు అసలు తిమింగిలమే రానట్టు.

నాదీ అదే పని, కాకపోతే గదికి కిటికీ లేదు.
ఓర్తా రేవు వెనక, ఏసీ హోరులో,
వెంట్రుకంత గాజుపోగులో పరిగెత్తే వెలుగుకి
రాత్రంతా నాడి పట్టుకుని కూర్చుంటాను.
తెర మీద సున్నాలూ ఒకట్లూ
ఒకదాని మీద ఒకటి పడి గీసే బొమ్మ
అచ్చం కన్నులా ఉంటుంది.
మేమూ దాన్ని కన్ననే అంటాం.
విచ్చుకుని ఉంటే దీవి క్షేమం.
రెప్పలు వాలుతుంటే ఎక్కడో వెలుగు మసకేసినట్టు.

నవంబరులో వాలడం మొదలైంది.
ఎవరికీ తెలియలేదు.
తప్పిన అక్షరాన్ని దారి చివర దిద్దే లెక్కలున్నాయి కదా:
ఆస్పత్రి పంపిన ఎక్స్‌రేలో ఎముక ఎముకలాగే ఉంది,
చేపల వేలంలో ట్యూనా ధర సెంటు కూడా తప్పలేదు.
దిద్దేవాడు ఎంత గట్టివాడైతే
జబ్బు అంత ఆలస్యంగా బయటపడుతుంది.
దిద్దకముందు ఎన్ని తప్పులో, ఆ ఒక్క అంకె దాచదు.
వెయ్యికోట్లకి ఒకటిగా ఉన్నది
లక్షకి ఒకటయింది.

అదీ తెల్లవారుజామునే.
మూడింటికి చలి ముదిరితే పెరిగేది,
ఎండెక్కితే ఏమీ ఎరగనట్టు సర్దుకునేది.
పగటి షిఫ్టు ఉర్బానుకి చెబితే
“నీకు నిద్ర చాలట్లేదు ఇడలీనా” అన్నాడు.

ఒక రాత్రి పోగులోకి మెరుపు విసిరాను.
వెళ్లే దారి పొడుగునా గాజు
అందులోంచి చిటికెడు చిటికెడు వెనక్కి చిమ్ముతుంది.
తిరిగొచ్చిన దాన్ని గీతగా గీస్తే
మంద దిగే కొండవాలులా నెమ్మదిగా దిగి,
పదిహేడు కిలోమీటర్ల ఆరువందల నలభై దగ్గర
ఒక మెట్టు.
పొడుగు అలలో చూస్తే మెట్టు ఇంకా లోతు.
తెగితే గీత నేలకూలేది. ఇది తెగడం కాదు,
వంపు.
బిగిసిన వంపు దగ్గర వెలుగు పక్కకి కారిపోతుంది,
చిల్లి లేని కుండలోంచి చెమ్మ ఊరినట్టు.

తెల్లారకముందే వ్యాను తీశాం.
పొగమంచు, రోడ్డుకి అడ్డంగా ఆవులు,
రంగు వెలిసిన హైడ్రాంజియా కంచెలు,
ఆ తర్వాత అగ్నిపర్వతం వదిలిపోయిన బూడిదనేల.
దీపస్తంభం కనబడే మలుపులో
ఉర్బాను మాన్‌హోల్ మూత లేపాడు.
పైన, వంద అడుగుల్లో, తాత గది. కప్పు లేదు.

పెట్టె విప్పాను. పన్నెండు రంగుల పోగులు
పళ్లెంలో చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి.
నీలం పోగు మీద ప్లాస్టిక్ కట్టు
అవసరానికి మించి బిగించి ఉంది.
మూత లోపలి చీటీ మీద తేదీ, సంతకం.
సంతకం నాది.

రెండేళ్ల కిందటి మార్చి. గుర్తుంది.
కింద చర్చిలో గంట మోగుతోంది,
ఫిర్మీనుని మోసుకెళుతున్నారు,
“ఇదొక్కటి కట్టేసి వస్తా” అన్నాను ఎవరితోనో.
కట్టేశాను.

కత్తెర పెట్టాను. టప్పుమంది.
పోగు కాస్త వదులై
తన గుండ్రానికి తాను వచ్చింది.
ఫోనులో ఓర్తా నుంచి సెలెష్తి:
“అంకె దిగింది. కన్ను విచ్చుకుంది. ఏం చేశారు?”
“కట్టు తీశాం.”
“ఎవరు కట్టారో మహానుభావుడు” అన్నాడు ఉర్బాను.
చీటీ వాడి చేతికిచ్చాను.
వాడు చదివి, మడిచి, మళ్లీ మూతలోనే పెట్టేశాడు.

రిపోర్టులో కారణం రాసే గడి చాలా చిన్నది.
“తొందర” అని రాశాను.
తిప్పి పంపారు, అలా రాయకూడదట.
“వంపు నష్టం, మూడున్నర డెసిబెల్” అని మార్చాను.

మూడింటికి మళ్లీ చలి ముదిరింది.
కన్ను తెరిచే ఉంది.
పాత రిజిస్టరు తీసి వేలితో వరసలు దిగుతున్నాను:
ఆ మార్చిలో నేను మూసిన పెట్టెలు
ఇంకా పదకొండున్నాయి.